‘కిస్ మీ, స్టుపిడ్’ను ఎందుకంత తిట్టారు?

అందరికీ నమస్కారం.

ఇప్పుడే మనం కలిసి చూసిన ఈ సినిమా 1964 డిసెంబరులో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు బిల్లీ వైల్డర్‌కి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. హాలీవుడ్‌కి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఇంట్లో ఆరు ఆస్కార్లున్నాయి. అంతకు ముందు ఐదేళ్ళలోనే ‘సమ్ లైక్ ఇట్ హాట్’, ‘ది అపార్ట్‌మెంట్’, ‘ఇర్మా లా డూస్’ తీశాడు. అంత స్థాయిలో ఉన్న మనిషి ఒక్క సినిమాతో అసభ్య చిత్రాల దర్శకుడన్న మాట పడ్డాడు. లైఫ్ పత్రిక దీన్ని ఒక పెద్ద బూతు జోకు అంది. చూసేవాళ్ళకీ, నటించినవాళ్ళకీ, పరిశ్రమకీ ఇది తలవంపులని రాసింది. క్యాథలిక్ సంస్థ ఒకటి సినిమాను ఏకంగా బహిష్కరించింది. మిగతా పత్రికలు కూడా దాదాపు అదే దారిలో నడిచాయి: ఈ దర్శకుడికి మనుషులంటే గిట్టదు, పెళ్ళంటే గౌరవం లేదు, ఆడవాళ్ళంటే చులకన అని.

ఆ విమర్శల్లో న్యాయమైనవీ ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఇంకో సంగతి చూద్దాం. అదే దర్శకుడు, అదే రచయిత ఐ.ఎ.ఎల్. డైమండ్, దాదాపు అవే విషయాల మీద నాలుగేళ్ళ ముందు ‘ది అపార్ట్‌మెంట్’ తీస్తే ఉత్తమ చిత్రం ఆస్కార్ ఇచ్చారు. ఈసారి ఎందుకు రాళ్ళేశారు? ఈ తేడా ఎక్కడుందో తెలిస్తే, వాళ్ళకి కోపం తెప్పించింది ఏమిటో మనకు బాగా అర్థమవుతుంది.

వైల్డర్ గురించి క్లుప్తంగా చెప్తాను. 1906లో ఇప్పటి పోలాండ్‌లో ఉన్న సూహా అనే చిన్న ఊళ్ళో యూదు కుటుంబంలో పుట్టాడు. వియన్నాలో, తర్వాత బెర్లిన్‌లో పత్రికా విలేకరిగా పనిచేశాడు. 1933లో హిట్లర్ రాగానే బెర్లిన్ వదిలి పారిస్‌కి, అక్కణ్ణించి అమెరికాకి వెళ్ళిపోయాడు. తల్లి యూరప్‌లోనే ఉండిపోయింది, నాజీల మారణకాండలో చనిపోయింది. ఇలాంటి మనిషికి లోకం మీద పెద్ద భ్రమలుంటాయని అనుకోలేం. 1951లో ‘ఏస్ ఇన్ ది హోల్’ తీశాడు. గుహలో ఇరుక్కున్న మనిషి ప్రాణాన్ని వార్తగా అమ్ముకునే విలేకరి కథ అది. అమెరికాలో ఎవరూ చూడలేదు. అప్పట్నించే ‘సినిక్’, అంటే మనుషుల మంచితనాన్ని నమ్మనివాడు, అనే ముద్ర ఆయన మీద ఉంది. పాలీన్ కేల్ లాంటి గట్టి విమర్శకురాలు కూడా ఆయన సినిమా ‘వన్, టూ, త్రీ’ వచ్చినప్పుడు, ఆయన పనిలో చాకచక్యం ఉందిగానీ అనుభూతి లేదని తేల్చేసింది. కాబట్టి 1964 నాటికి విమర్శకుల చేతిలో మాట సిద్ధంగా ఉంది. దాన్ని వాడే అవకాశం కోసం చూస్తున్నారు.

ఇక కథ. మీరిప్పుడే చూశారు కాబట్టి నా వాదానికి కావలసినవి మాత్రం గుర్తుచేస్తాను. నెవాడా ఎడారిలో క్లైమాక్స్ అనే చిన్న ఊరు. అక్కడ ఓర్విల్ స్పూనర్ పిల్లలకి పియానో నేర్పుతాడు. పక్కన పెట్రోల్ బంకు నడిపే బార్నీ పాటలు రాస్తాడు, ఓర్విల్ బాణీలు కడతాడు. ఒక్క పాట కూడా అమ్ముడుపోలేదు. ఓర్విల్‌కి భార్య జెల్డా మీద పిచ్చి అనుమానం. పాలవాణ్ణీ, పాఠానికొచ్చే కుర్రవాణ్ణీ కూడా అనుమానిస్తాడు. ఒకరోజు డీనో అనే ప్రసిద్ధ గాయకుడు లాస్ వేగాస్ నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్తూ దారి మళ్ళి ఈ ఊరొస్తాడు. బార్నీ ఆయన కారు పాడుచేసి ఆపేస్తాడు. ఎలాగైనా పాట వినిపించాలి. డీనోకి ప్రతి రాత్రీ ఒక ఆడది కావాలి, లేకపోతే తలనొప్పి. ఓర్విల్ ఏం చేస్తాడు? పెళ్ళిరోజున భార్యతో కావాలని తగవు పెట్టుకుని పుట్టింటికి పంపేస్తాడు. ‘బెల్లీ బటన్’ అనే బారులో పనిచేసే పాలీని తెచ్చి, ఆమే తన భార్య అని చెప్పి డీనో ముందు పెడతాడు.

ఇంతవరకు ఇది ముతక ప్రహసనమే. అన్నా బొనాచ్చీ అనే ఇటాలియన్ రచయిత్రి నాటకం నుంచి తీసుకున్నారు. 1952లో ఇటలీలో దీన్ని జీనా లొల్లొబ్రిజిదాతో సినిమాగా తీశారు, దాని గురించి అమెరికాలో ఎవరూ గొడవ చేయలేదు. వైల్డర్ చేసిన పని ఏమిటంటే, దీన్ని ఇటలీ నుంచి తెచ్చి అమెరికా మధ్యలో, చర్చికెళ్ళే ఊళ్ళో పెట్టాడు.

సరిగ్గా ఇక్కడే నాకు మొదటి కారణం కనిపిస్తుంది. అంతకు ముందు సంవత్సరం, 1963లో, ఇదే వైల్డర్ ‘ఇర్మా లా డూస్’ తీశాడు. హీరోయిన్ వేశ్య. ఆయన కెరీర్‌లో పెద్ద హిట్లలో అదొకటి. కుటుంబాలు వెళ్ళి చూశాయి. ఎందుకంటే అది పారిస్. పారిస్‌లో ఏం జరిగినా రంగుల కథే, మనకి సంబంధం లేదు అనుకోవచ్చు. ఈ సినిమాలో ఊరి పెట్రోల్ బంకు ఉంది, సంగీతం మాస్టారున్నాడు, పాలవాడున్నాడు, టీవీ ముందు గుమిగూడే జనం ఉన్నారు. పైగా నలుపు తెలుపుల్లో, పెద్ద తెర మీద, ఏ అందమూ పూయకుండా చూపించాడు. జోసెఫ్ లాషెల్ కెమెరాలో ఆ ఎడారి ఊరు ఎండిపోయినట్టే ఉంటుంది.

రెండో కారణం డీన్ మార్టిన్. ఆయన ఇందులో డీనో పేరుతో తనని తానే పోషించాడు. 1964 ఆగస్టులో ఆయన పాడిన ‘ఎవ్రీబడీ లవ్స్ సంబడీ’ బీటిల్స్ పాటను కిందకి నెట్టి మొదటి స్థానానికి వచ్చింది. ఇంటింటా రేడియోలో వినిపించే ఆ గొంతు అప్పుడు అమెరికాకి ఎంతో ముద్దు. నాలుగు నెలలకే అదే మనిషి తెర మీదకొచ్చి, ఎదురొచ్చిన ప్రతి ఆడదాన్నీ సరుకులా చూస్తాడు. తన పేరు మీద నడిచే ఆ తళుకు కింద ఏముందో తనే చూపించాడు. ఒక తార ఇంత నిర్దాక్షిణ్యంగా తనని తాను బయటపెట్టుకోవడం చాలా అరుదు. నాకైతే ఈ సినిమాలో అందరికన్నా ధైర్యం చేసిన నటుడు ఆయనే అనిపిస్తుంది. అప్పటి విమర్శకులు దాన్ని నటనగా లెక్కపెట్టలేదు.

మూడో కారణమే అసలు కారణం. ‘ది అపార్ట్‌మెంట్’ గుర్తు తెచ్చుకోండి. అందులోనూ ఒక మగవాడు ప్రమోషన్ కోసం తన గదిని పైఅధికారుల అక్రమ సంబంధాలకి ఇస్తాడు. ఇక్కడ ఓర్విల్ పాట కోసం భార్య స్థానాన్ని అమ్ముతాడు. రెండూ ఒకటే బేరం. అయితే అందులో షిర్లీ మెక్లెయిన్ పాత్ర నిద్రమాత్రలు మింగుతుంది. చావుదాకా వెళ్ళి వస్తుంది. ప్రేక్షకుడి మనసులో ఉన్న న్యాయాధిపతికి ఆ శిక్ష సరిపోతుంది. ఏడ్చింది కాబట్టి క్షమించవచ్చు. ఈ సినిమాలో అలాంటి శిక్ష ఎక్కడా లేదు. భార్య జెల్డా ఆ రాత్రి తాగి, పాలీ ఉండే చక్రాల ఇంట్లో, మన షూటింగుల్లో కారవాన్ అంటామే, అలాంటి దాంట్లో పడుకుంటుంది. పాలీ అనుకుని డీనో అక్కడికే వస్తాడు. జెల్డా చిన్నప్పట్నుంచీ అతని అభిమాని. రాత్రి గడుస్తుంది, ఆ పాట కొనమని ఆమే అతన్ని ఒప్పిస్తుంది. అతను వదిలివెళ్ళిన ఐదు వందల డాలర్లు తర్వాత పాలీ చేతికొస్తాయి. పాలీ ఆ డబ్బుతో కారు కొనుక్కుని తన చక్రాల ఇంటిని లాక్కుంటూ ఆ ఊరొదిలి వెళ్ళిపోతుంది. జెల్డా భర్త దగ్గరికి తిరిగొస్తుంది. టీవీలో తన పాట ఎలా వచ్చిందో తెలియక భర్త నోరు తెరుచుకుని అడుగుతుంటే ఆమె జవాబు చెప్పదు. సినిమా పేరే ఆమె చివరి మాట.

ఇద్దరు ఆడవాళ్ళూ ఏడవలేదు, చావలేదు, క్షమాపణ అడగలేదు. ఇద్దరికీ ఆ రాత్రి మంచే చేసింది. భార్య చేసిన పనివల్ల పెళ్ళి చెడలేదు, నిలబడింది. సినిమా మనుషుల్ని అసహ్యించుకుంటోందని విమర్శకులు రాశారు. వాళ్ళకి నిజంగా మింగుడుపడనిది ఈ క్షమ. వైల్డర్ ఇంకాస్త కఠినంగా ఉండి, జెల్డాని వీధిలో నిలబెట్టి ఉంటే, ఇదే సినిమాను నీతిగల చిత్రమని మెచ్చుకునేవాళ్ళు.

అప్పటి సెన్సార్ వ్యవస్థ చూస్తే ఈ విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. అమెరికాలో అప్పుడు ప్రభుత్వ సెన్సార్ బోర్డు మనలాగా ఉండేది కాదు. నిర్మాతల సంఘం తనకు తాను పెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్ ఉండేది. దాని ముద్ర పడితే హాళ్ళు ధైర్యంగా వేసుకునేవి. ఇది కాక 1930లలో మొదలైన క్యాథలిక్ సంస్థ లీజియన్ ఆఫ్ డీసెన్సీ ఉండేది. అది ప్రతి సినిమాకూ ఒక గ్రేడు ఇచ్చేది. ‘సి’ అంటే ఖండించదగినదని అర్థం. చర్చిలో ఆ మాట చెప్తే లక్షలమంది వెళ్ళడం మానేసేవాళ్ళు. ఈ సినిమాకి కోడ్ ముద్ర వచ్చింది. లీజియన్ మాత్రం ‘సి’ ఇచ్చింది. 1956లో ఎలియా కజాన్ తీసిన ‘బేబీ డాల్’ తర్వాత పెద్ద హాలీవుడ్ చిత్రానికి ఆ గ్రేడు పడటం ఇదే. నీతి ప్రకారమే కాదు, కళ ప్రకారం కూడా ఇది రోత పుట్టిస్తుందని వాళ్ళు ప్రకటించారు. అసభ్యతకన్నా పెద్ద ఆరోపణ ఇంకోటి ఉంది అందులో: తప్పుని తప్పుగా చూపించకుండా సమర్థించారని.

ఒత్తిడి వచ్చాక వైల్డర్ జెల్డా, డీనోల సన్నివేశాన్ని మార్చి మళ్ళీ తీశాడు, వాళ్ళ మధ్య ఏమీ జరగలేదని నమ్మేందుకు వీలుగా. అయినా లీజియన్ మెత్తబడలేదు. యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ భయపడి సినిమా మీద తన పేరు తీసేసుకుంది. విదేశీ చిత్రాలు పంచే తన చిన్న అనుబంధ సంస్థ లోపర్ట్ పేరుతో విడుదల చేసింది. ఒక పెద్ద దర్శకుడి సినిమాని సొంత స్టూడియోనే పరాయిదానిలా చూస్తే ఊళ్ళలో హాళ్ళవాళ్ళు ఏమనుకుంటారు? సినిమా ఆర్థికంగా దెబ్బతింది. ఇంకో నాలుగేళ్ళకి, 1968లో, ఆ ప్రొడక్షన్ కోడే పోయి వయసుల ప్రకారం రేటింగులు వచ్చాయి. ఈ గొడవంతా ఆ పాత కట్టడం కూలిపోతున్న చివరి రోజుల్లో జరిగింది.

ఇప్పుడు న్యాయమైన విమర్శల దగ్గరికి వస్తాను. ఓర్విల్ పాత్రకి మొదట తీసుకున్నది పీటర్ సెల్లర్స్‌ని. కొన్ని వారాలు షూటింగ్ కూడా అయింది. 1964 ఏప్రిల్‌లో ఆయనకి వరసగా గుండెపోట్లు వచ్చాయి. ప్రాణమైతే దక్కింది కానీ సినిమా చేయలేకపోయాడు. ఆయన స్థానంలో రే వాల్‌స్టన్ వచ్చాడు, తీసిందంతా మళ్ళీ తీశారు. వాల్‌స్టన్ మంచి నటుడే. అయితే ఓర్విల్ అసూయ మనకి నవ్వు తెప్పించాలి, దాని వెనక జాలి కూడా కలగాలి. వాల్‌స్టన్ అరుపుల్లో ఆ జాలి చాలాసార్లు దొరకదు. మొదటి అరగంట గొంతు మరీ హెచ్చు స్థాయిలో ఉంటుంది. ద్వంద్వార్థాలు ఒకదాని మీద ఒకటి పేర్చారు, కొన్ని మోటుగా ఉన్నాయి, కొన్ని అసలు నవ్వే రానివి. ఊరి పేరుతో వేసిన జోకు ఒకసారికి చాలు. బార్నీ పాత్ర ఒకే తీగ మీద నడుస్తుంది. రెండు గంటలు దాటిన నిడివి కూడా ఎక్కువే. ఇవన్నీ అప్పుడు రాశారు. రాసినవాళ్ళు తప్పు రాయలేదు.

వాళ్ళు వదిలేసింది సినిమా మధ్య భాగాన్ని. పాలీ ఓర్విల్ ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత నెమ్మదిగా గొంతు మారుతుంది, చూశారు కదా. పాలీగా నటించిన కిమ్ నొవాక్ జలుబుతో, బొంగురు గొంతుతో వస్తుంది. ఆ ఇల్లూ, వంటగదీ, ఆ భర్త అనే మాటా ఆమెకి కొత్త. ఆమెని పెళ్ళి చేసుకుంటానని ఈ ఎడారికి తెచ్చినవాడు కారు తీసుకుపోయి, లాగడానికి ఏమీ లేని చక్రాల ఇంటిని ఆమెకి వదిలేశాడు. ఆ సంగతి ఆమె సానుభూతి అడగకుండా చెప్తుంది. ఒక రాత్రికి అద్దెకు తెచ్చిన భార్య, భార్య అంటే ఎలా ఉండాలో ఓర్విల్‌కి చూపిస్తుంది. ఓర్విల్ పియానో దగ్గర పాడతాడు, ఆమె వింటుంది. ఆ పాటలు కూడా మామూలువి కావు. 1937లో చనిపోయిన జార్జ్ గెర్ష్విన్ వాడకుండా వదిలేసిన బాణీలవి. అన్న ఐరా గెర్ష్విన్ వాటికి ఈ సినిమా కోసం కొత్తగా సాహిత్యం రాశాడు. ఎవరికీ అమ్ముడుపోని పాటలని కథలో చెప్పేవి నిజంగా గెర్ష్విన్ బాణీలు కావడం నాకెంతో ఇష్టమైన సంగతి.

తర్వాత డీనో పాలీ మీద చేయి వేసినప్పుడు ఓర్విల్ ఏం చేశాడో చూడండి. ఏ భార్యని కాపాడుకోవడానికి ఇదంతా చేశాడో ఆ భార్య అక్కడ లేదు. ఉన్నది బారులో పనిచేసే అమ్మాయి, డబ్బులిచ్చి తెచ్చుకున్న మనిషి. అయినా ఆమెకి జరుగుతున్న అవమానం తట్టుకోలేక డీనోని బయటికి గెంటేస్తాడు. జీవితంలో వచ్చిన ఒకే ఒక్క అవకాశాన్ని తన చేత్తో తలుపు బయటికి తోసేశాడు. మనుషులంటే గిట్టని దర్శకుడైతే ఈ సీన్ రాయలేడు. వైల్డర్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఇదే వాదించాడు: ఇంతకన్నా సంసారపక్షమైన కథ ఇంకోటి ఉండదని, విజయం చేతికొచ్చే క్షణంలో దాన్ని వద్దనుకున్న మనిషి కథ ఇదని, జనం ఎందుకు ఉలిక్కిపడ్డారో తనకి అర్థం కాలేదని.

మనకి మధురవాణి ఉంది కాబట్టి పాలీని అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు. ‘కన్యాశుల్కం’లో పెద్దమనుషులందరూ ఏదో ఒకటి అమ్ముతుంటారు, కొంటుంటారు, ఒకరినొకరు మోసం చేసుకుంటుంటారు. ఆ గుంపులో మాట మీద నిలబడేదీ, ఎదుటివాళ్ళ కష్టం చూసి కదిలేదీ వేశ్యే. గురజాడకి మనుషులంటే ద్వేషమని ఈరోజు మనలో ఎవరూ అనరు. గిరీశాన్ని అంత కర్కశంగా చూపించినవాడే మధురవాణిని అంత ప్రేమతో రాశాడు. ఆ రెండూ ఒకే చూపులోంచి వచ్చాయి. రెండు రచనల కాలం, సమాజం, ఉద్దేశం వేరు, పోలిక ఇక్కడితో ఆపేస్తాను.

1965లో ఈ సినిమా పక్షాన నిలబడినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో ఒకరు జోన్ డిడియన్, అప్పటికి ముప్ఫై ఏళ్ళ రచయిత్రి. వోగ్ పత్రికలో సినిమాల గురించి రాసేది. సినిమా మధ్యలో జనం లేచి వెళ్ళిపోవడాన్ని ఆమె ఈ సినిమా బలానికే సాక్ష్యంగా తీసుకుంది. వైల్డర్ నవ్వించేవాడని అందరూ అనుకుంటారుగానీ ఆయన నీతివాది, మనుషుల కక్కుర్తిని నమోదు చేసేవాడు అని రాసింది. ఆయన లోకం రాత్రి తాగింది దిగని తెల్లవారుజామున కనిపించే లోకమనీ, పాత పొగ వాసనా, ఐస్ కరిగిపోయిన గ్లాసులూ ఉన్న లోకమనీ, అసలైన నిరాశ అక్కడ ఉంటుందనీ చెప్పింది. సినిమా మెప్పించలేదని అందరూ అంటుంటే, అది మనసుని తాకిందని ఆమె రాయగలిగింది. వైల్డర్ ఆమెకి చిన్న ఉత్తరం రాశాడు. మీ వ్యాసం చదివి ఈ ముసలి బూతు రాయుడి గుండెకి హాయిగా ఉందని అన్నాడు. పత్రికలు వేసిన ముద్రనే తన పేరుగా సంతకం పెట్టినట్టుంది ఆ మాట. ఎంత నొచ్చుకున్నాడో అందులో కనిపిస్తుంది.

ఆండ్రూ సారిస్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దర్శకుడే సినిమాకి కర్త అనే వాదాన్ని అమెరికాలో ప్రచారం చేసిన విమర్శకుడు ఆయన. 1968లో దర్శకులందరికీ తరగతులు కేటాయిస్తూ పుస్తకం వేశాడు. వైల్డర్‌ని, కనిపించేంత సరుకు లేనివాళ్ళ గదిలో పెట్టాడు. తన సినిసిజాన్ని కూడా తాను నమ్మలేనంత సినిక్ అని ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యం ఏళ్ళ తరబడి వైల్డర్ వెంట తిరిగింది. అదే సారిస్ 1976లో వైల్డర్ లోపల దాక్కున్న రొమాంటిక్ గురించి వ్యాసం రాశాడు. 1991లో మరో వ్యాసంలో వైల్డర్‌ని తన అగ్రశ్రేణిలోకి ఎందుకు తీసుకోవాలో వివరించాడు. ఒక విమర్శకుడు అచ్చులో చెప్పిన మాటను అచ్చులోనే ఇరవై మూడేళ్ళ తర్వాత వెనక్కి తీసుకోవడం చిన్న విషయం కాదు. సినిమాలు మారలేదు. చూసేవాడు పెద్దవాడయ్యాడు.

ఈ గొడవ వైల్డర్‌ని గట్టిగానే కుంగదీసింది. డైమండ్‌తో కలిసి చాలాకాలం కొత్త పని మొదలుపెట్టలేకపోయాడు. 1966లో ‘ది ఫార్చ్యూన్ కుకీ’తో తిరిగి వచ్చాడు, వాల్టర్ మాథౌకి ఆస్కార్ వచ్చింది. అయినా 1964కి ముందున్న ఆ ధీమా మళ్ళీ పూర్తిగా రాలేదనిపిస్తుంది. 2002లో చనిపోయేనాటికి సినిమా తీసి ఇరవై ఏళ్ళు దాటింది.

మీలో ఒకరు విరామంలో ఒక ప్రశ్న అడిగారు, అందరి ముందూ జవాబు చెప్తానన్నాను. ఆడవాళ్ళని సరుకుగా చూసే మగవాళ్ళ కథని నవ్వులాటగా తీస్తే, ఆ నవ్వు కూడా నేరంలో భాగం కాదా అని. కొన్నిచోట్ల అవుతుంది. బెల్లీ బటన్‌లో కెమెరా డీనో చూసినట్టే చూస్తుంది, దాన్ని నేను వెనకేసుకురాను. అయితే చివరికి ఈ కథలో అన్నీ తెలిసినవాళ్ళు ఎవరు? జెల్డాకి అంతా తెలుసు. పాలీకీ తెలుసు. ఏమీ తెలియకుండా మిగిలింది ముగ్గురు మగవాళ్ళు. ఆ మధ్యాహ్నం నుంచి ఎత్తులు వేసిందీ వాళ్ళే. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడి మాట్లాడుకునే సన్నివేశంలో ఒకరి మీద ఒకరికి కోపం లేదు, అవమానం లేదు. ఒకరికేం కావాలో మరొకరికి తెలుసు, ఇచ్చిపుచ్చుకుంటారు. 1964లో భార్యనీ వేశ్యనీ ఇలా సమానంగా నిలబెట్టడమే చాలామందికి బూతుగా కనిపించింది.

ఇంకో మాట. ఇంటికెళ్ళి మళ్ళీ చూడాలనుకునేవాళ్ళు ఏ వెర్షన్ చూస్తున్నారో గమనించండి. అమెరికాలో ఆనాడు విడుదలైంది మార్చి తీసిన సన్నివేశంతో. యూరప్‌లో ఆడింది మొదట తీసినట్టే ఉంది, తర్వాత డీవీడీల్లో అదే వచ్చింది. మార్చిన దాంట్లో జెల్డా ఏమీ చేయని ఇల్లాలిగా బయటపడుతుంది, అప్పుడు చివరి మాటకి అంత బరువుండదు. మొదట తీసినదాంట్లో ఆమె ఏం చేసిందో ఆమెకి తెలుసు, మనకి తెలుసు. ఇవాళ మనం చూసింది అదే.

ఇంకేమైనా ప్రశ్నలుంటే అడగండి, కూర్చునే మాట్లాడుకుందాం.